చిన్న ఆఫీసు నెట్‌వర్క్ భద్రత: ఓనర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల చిన్న ఆఫీసులకు నెట్‌వర్క్ పనులు చేస్తుంటాను. నాలుగు కంప్యూటర్లున్న ఆటోనగర్ స్పేర్ పార్టుల షాపు నుంచి నలభై ఉన్న డయాగ్నస్టిక్ సెంటర్ దాకా, మధ్యలో మిర్చి కమీషన్ కొట్లు, రైసు మిల్లులు, ఆడిటర్ ఆఫీసులు, ప్రింటింగ్ ప్రెస్సులు. ఎక్కడికి వెళ్లినా టీ వచ్చేలోపు అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. వాటికి నేను చెప్పే జవాబులు ఇక్కడ రాసి పెడుతున్నాను. కొన్ని జవాబులు పొడుగ్గా ఉంటాయి, ఏమీ అనుకోకండి. జనం ఎక్కువగా దెబ్బతింటున్నది అక్కడే.

మాది చిన్న వ్యాపారం. మమ్మల్ని ఎవడు హ్యాక్ చేస్తాడండీ?

మీ పేరు తెలిసి, మీ మీద పగబట్టి ఎవరూ రారు. అది నిజమే. కానీ ఈ వెతుకులాట అంతా చేసేవి ప్రోగ్రాములు. ఇంటర్నెట్‌లో పాత పద్ధతి ఐపీ అడ్రసులు, అంటే కనెక్షన్లకి ఉండే చిరునామా నంబర్లు, మొత్తం కలిపి సుమారు 430 కోట్లు. వాటన్నిటి తలుపూ తట్టి, ఫలానా పోర్టు (లోపలికి వచ్చే దారి) తెరిచి ఉందో లేదో చూసి రావడానికి మంచి కనెక్షన్ ఉన్న ఒక్క కంప్యూటర్‌కి గంట కూడా పట్టదని 2013లోనే మిచిగాన్ యూనివర్సిటీ పరిశోధకులు జీమ్యాప్ అనే టూల్‌తో చేసి చూపించారు. రాత్రిపూట బీసెంట్ రోడ్డు పొడవునా ప్రతి షట్టర్ తాళమూ లాగి చూసుకుంటూ పోయేవాడికి లోపల ఉన్నది బంగారం కొట్టా, చెప్పుల కొట్టా అనే పట్టింపు ఉండదు. ఏ తాళం ఊడొస్తే అందులోకి దూరతాడు.

ఇంకో సంగతి. మీరు జాగ్రత్తగా ఉన్నా, మీకు సర్వీసు ఇచ్చేవాళ్లకి దెబ్బ తగిలితే మీ పనీ ఆగుతుంది. 2024 జులై చివర్లో, చిన్న బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ సర్వీసు ఇచ్చే సీ-ఎడ్జ్ టెక్నాలజీస్ మీద రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే వైరస్) దాడి జరిగితే, ముందు జాగ్రత్తగా యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ ఆ సంస్థను తన పేమెంట్ నెట్‌వర్క్ నుంచి కాసేపు వేరు చేసింది. దాంతో సుమారు 300 చిన్న బ్యాంకుల్లో యూపీఐ, ఏటీఎం లావాదేవీలకు ఆటంకం కలిగింది. అందులో సహకార బ్యాంకులూ, గ్రామీణ బ్యాంకులే ఎక్కువ.

రాన్సమ్‌వేర్ అంటారు కదా, మీరు స్వయంగా చూశారా?

చూశాను. అందులో నా తప్పు కూడా ఉంది కాబట్టి ఇది కాస్త వివరంగా చెబుతాను.

గుంటూరులో ఒక మిర్చి కమీషన్ కొట్టు. నాలుగు కంప్యూటర్లు, ఒక సర్వర్. సర్వర్ అంటే పెద్దదేమీ కాదు, దేవుడి పటం కింద స్టూలు మీద పెట్టిన మామూలు డెస్క్‌టాప్. అందులో టాలీ, అంటే లెక్కల సాఫ్ట్‌వేర్. ఓనర్‌కి రాత్రి అన్నం తిన్నాక ఇంట్లో కూర్చుని బాకీలు చూసుకునే అలవాటు. 'తమ్ముడూ, ఇంటి నుంచి టాలీ తెరుచుకునేట్టు చెయ్యి' అన్నాడు. రౌటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ (దూరం నుంచి కంప్యూటర్ వాడే సౌకర్యం) పోర్టు 3389 బయటికి తెరిచి, పది నిమిషాల్లో పని ముగించుకుని వచ్చేశాను. పాస్‌వర్డ్ ఏం పెట్టారంటే, కొట్టు పేరు, పక్కన 123. మార్చమని ఒకసారి చెప్పాను. ఒక్కసారే.

సీజన్ మంచి ఊపు మీద ఉన్న మార్చి నెల. యార్డుకి శని, ఆదివారాలు సెలవు. సోమవారం పొద్దున ఎనిమిదింటికి గుమస్తా ఫోన్: 'సార్, టాలీ తెరుచుకోవట్లేదు. ఫైళ్ల బొమ్మలన్నీ తెల్లగా అయిపోయాయి.' వెళ్లి చూస్తే ప్రతి ఫైలు పేరు చివరా ఒక ఈమెయిల్ అడ్రసు, దాని వెనక అర్థంలేని నాలుగు అక్షరాలు. డెస్క్‌టాప్ మీద ఒక టెక్స్ట్ ఫైలు, అందులో బిట్‌కాయిన్ ఎలా కొనాలో మర్యాదగా రాసి ఉంది. ఎవరెప్పుడు లోపలికి రాబోయారో కంప్యూటర్ రాసుకునే లాగ్ తీస్తే వరసగా వేల తప్పు పాస్‌వర్డ్ ప్రయత్నాలు, చివరికి శనివారం అర్ధరాత్రి దాటాక ఒకటి సరిపోయింది. లోపలికి వచ్చినవాడు ముందు యాంటీవైరస్ ఆపేశాడు, తర్వాత తీరిగ్గా అన్నీ లాక్ చేశాడు.

'బ్యాకప్ ఉందిగా' అన్నాడు ఓనర్ ధీమాగా. ఉంది. సర్వర్ వెనక నీలం లైటు మిణుకుమిణుకుమంటూ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్. రోజూ బ్యాకప్ కావాలని తీయకుండా అలాగే ఉంచారు. దాంట్లో ఫైళ్లూ తెల్లగానే ఉన్నాయి.

రాన్సమ్‌వేర్ అంటే ఇదే. ఫైళ్లకి వాడు తాళం వేసి, తాళంచెవికి డబ్బడుగుతాడు. ఈ మధ్య తాళం వేసేముందు డేటా కాపీ చేసుకుని, 'కట్టకపోతే బయటపెడతాం' అని రెండో బెదిరింపు కూడా పెడుతున్నారు.

మరి ఇంటి నుంచి టాలీ చూసుకోవడం ఎలా? అది లేకపోతే కుదరదు.

మానేయమని చెప్పను, చెప్పినా మీరు మానరు. ఒక్కటే షరతు: రిమోట్ డెస్క్‌టాప్‌ని నేరుగా ఇంటర్నెట్‌కి చూపించకూడదు. 'పోర్టు నంబర్ 3389 తీసేసి వేరేది పెట్టాం కదా' అంటారు. అది ఇంటి నంబరు చెరిపేసి తలుపు తెరిచి ఉంచడం లాంటిది. ప్రోగ్రాములు అన్ని నంబర్లూ తడతాయి.

వీపీఎన్, అంటే ఇంటి నుంచి ఆఫీసుకి తాళం ఉన్న సొంత దారి, పెట్టించండి. ముందు వీపీఎన్‌లోకి, అక్కడి నుంచి సర్వర్‌లోకి. ఇప్పుడు మధ్యరకం రౌటర్లలో కూడా వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సౌకర్యం వస్తోంది. ఆ వీపీఎన్‌కి పాస్‌వర్డ్‌తో పాటు రెండో తాళం, అంటే ఫోన్‌లో వచ్చే కోడ్ లాంటిది, తప్పకుండా ఉండాలి. 2021లో అమెరికాలో కలోనియల్ పైప్‌లైన్ ఆగిపోయి పెట్రోలు బంకుల ముందు క్యూలు కట్టిన గొడవ గుర్తుందా? వాడకంలో లేని ఒక పాత వీపీఎన్ అకౌంటు, దానికి రెండో తాళం లేదు, పాస్‌వర్డ్ ఎక్కడో బయటపడింది. అంతే. ఆ కంపెనీ దాడి చేసినవాళ్లకి సుమారు 44 లక్షల డాలర్లు కట్టింది.

మీరు చూసేది రిపోర్టులు మాత్రమే అయితే టాలీ ప్రైమ్‌లో బ్రౌజర్‌లో రిపోర్టులు చూసుకునే ఏర్పాటు ఉంది. సగంమంది ఓనర్లకి అది చాలు. దూరం నుంచి కంప్యూటర్ తెరిచే ఎనీడెస్క్ లాంటివి వాడితే పని అయ్యాక మూసేయండి. ఎవరూ అడక్కుండానే కనెక్ట్ అయ్యే పాస్‌వర్డ్ పెట్టి వదిలేయకండి.

బ్యాకప్ ఎలా ఉంటే పనికొస్తుంది?

తీసి పక్కన పెడితే పనికొస్తుంది. మా లైన్‌లో 3-2-1 అంటారు: మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి ఆఫీసు బయట. చిన్న ఆఫీసుకి నేను చెప్పే పద్ధతి ఇంకా సులువు. రెండు హార్డ్‌డిస్కులు కొనండి. ఒకదాని మీద ఎర్ర స్టిక్కరు, ఒకదాని మీద పచ్చ స్టిక్కరు. ఈ వారం ఎర్రది ఆఫీసులో, పచ్చది మీ ఇంట్లో బీరువాలో. వచ్చే వారం అటుదిటు. బ్యాకప్ అయ్యాక వైరు తీసేయాలి. ఈ తీసేసే పని ఎవరిదో పేరు పెట్టి చెప్పాలి, లేకపోతే అందరి పనీ ఎవరి పనీ కాకుండా పోతుంది.

'గూగుల్ డ్రైవ్‌లో సింక్ అవుతోంది కదా' అంటారు. సింక్ వేరు, బ్యాకప్ వేరు. ఇక్కడ ఫైలు పాడైతే పాడైన ఫైలే అక్కడికీ వెళ్తుంది. పాత వెర్షన్లు కొన్నాళ్లు ఉంటాయి కాబట్టి కొంత వెనక్కి తెచ్చుకోవచ్చు, కానీ వేల ఫైళ్లు ఒక్కొక్కటిగా వెనక్కి తిప్పుకుంటూ కూర్చోవడం ఎంత నరకమో నేను చేశాను కాబట్టి తెలుసు.

మూడు నెలలకోసారి ఆ బ్యాకప్‌ని వేరే కంప్యూటర్‌లో తెరిచి, నిన్నటి బిల్లు ఒకటి కనిపిస్తోందో లేదో చూడండి. ఒక రైసు మిల్లులో పద్నాలుగు నెలలుగా ఖాళీ ఫోల్డర్ బ్యాకప్ అవుతోంది. టాలీ డేటా డీ డ్రైవ్‌కి మార్చారు, బ్యాకప్‌కి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. రోజూ 'విజయవంతం' అని మెసేజ్ మాత్రం వస్తోంది.

మంచి యాంటీవైరస్ ఉంది, సరిపోదా?

ఉండాలి, కానీ దాని మీదే భారం వేయకండి. పైన చెప్పిన కొట్టులోనూ డబ్బు పెట్టి కొన్నదే ఉంది, ఓనర్ పాస్‌వర్డ్‌తో లోపలికి వచ్చినవాడు దాన్ని ఓనర్ లాగే ఆపేశాడు. విండోస్‌తో వచ్చే డిఫెండర్ ఈ రోజుల్లో బాగానే పనిచేస్తోంది. అందులో ముఖ్యమైన ఫోల్డర్లని తెలియని ప్రోగ్రాములు ముట్టుకోకుండా ఆపే సెట్టింగ్ ఒకటి ఉంది, మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. టాలీ డేటా ఫోల్డర్‌ని అందులో చేర్చి, టాలీకి అనుమతి ఇవ్వండి.

అన్నిటికంటే ముందు, బిల్లులు కొట్టే పిల్లలకి అడ్మిన్ లాగిన్ ఇవ్వకండి. ఖర్చు సున్నా. దీనికి ఒప్పించడానికి మాత్రం నాకు ప్రతిచోటా గంట పడుతుంది.

ఫైర్‌వాల్ బాక్స్ కొనాలా?

ఫైర్‌వాల్ అంటే ఇంటర్నెట్‌కీ ఆఫీసుకీ మధ్య కాపలా పెట్టె. పదిలోపు కంప్యూటర్లయితే, బయటి నుంచి లోపలికి ఏ పోర్టూ తెరవని ఒక మంచి రౌటర్ చాలు. దాని అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చి, ఫర్మ్‌వేర్ (దాని లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి, యూపీఎన్‌పీ ఆపేయాలి. ఈ యూపీఎన్‌పీ ఆన్‌లో ఉంటే లోపలున్న ఏ పరికరమైనా తనంతట తానే తలుపు తీసుకోగలదు.

అంతకంటే పెద్దదైతే కొనండి. కానీ బాక్స్ ధరతో పాటు ఏటా కట్టే సబ్‌స్క్రిప్షన్ కూడా లెక్కలో వేసుకోండి. గడువు తీరి రెండేళ్లయిన ఫైర్‌వాల్ ర్యాక్‌లో పచ్చ లైట్లతో వెలుగుతుంటుంది, ఓనర్ వచ్చినవాళ్లందరికీ గర్వంగా చూపిస్తుంటాడు.

ఫోన్‌లో సీసీ కెమెరాలు చూసుకుంటాం. దాంట్లో ఏముంది?

కెమెరాల రికార్డింగ్ దాచే డీవీఆర్ కూడా ఒక కంప్యూటరే. కెమెరాలు బిగించే కుర్రాడు దానికి యూజర్ పేరు 'అడ్మిన్', పాస్‌వర్డ్ 'అడ్మిన్' అనో 12345 అనో పెట్టి, పోర్టు తెరిచి, ఫోన్‌లో చూపించి వెళ్తాడు. 2016లో మిరాయ్ అనే వైరస్ సరిగ్గా ఇలాంటి డీవీఆర్‌లూ, కెమెరాలూ, రౌటర్లనే పట్టుకుంది. అది ప్రయత్నించిన ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌ల జాబితా చాలా చిన్నది, అరవై పైచిలుకు. అంత చిన్న జాబితాతో పోగేసిన సైన్యంతో ఆ ఏడాది అక్టోబర్ 21న డైన్ అనే డీఎన్ఎస్ (సైట్ల పేర్లకి అడ్రసులు చెప్పే సర్వీసు) కంపెనీ మీద పడితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి కొన్ని గంటలు తెరుచుకోలేదు.

పాస్‌వర్డ్ మార్చండి. కెమెరాల లైను ఆఫీసు లైనుతో కలవకుండా వేరు చేయించండి. స్విచ్‌లో వీలాన్ (ఒకే స్విచ్‌లో లైన్లు వేరు చేసే ఏర్పాటు) అడగండి, లేదా అసలు వేరే చిన్న స్విచ్, వేరే రౌటర్ పెట్టేయండి.

కస్టమర్లు వైఫై అడుగుతారు. ఇవ్వకపోతే బాగోదు కదా?

గెస్ట్ వైఫై వేరుగా పెట్టి, అది ఇవ్వండి. దాదాపు ప్రతి రౌటర్‌లోనూ ఉంటుంది. స్టాఫ్ సొంత ఫోన్లు కూడా దాని మీదే ఉండాలి. బిల్లింగ్ కంప్యూటర్లున్న వైఫై పాస్‌వర్డ్ గోడ మీద అంటించకండి.

స్టాఫ్‌కి వచ్చే మెయిళ్లు, వాట్సాప్ లింకులతో నిజంగా అంత ప్రమాదమా?

హైదరాబాద్‌లోనే జరిగిన సంగతి చెబుతాను. 2022 జనవరిలో ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి 12 కోట్ల రూపాయలకు పైగా మాయం చేశారు. అంతకు రెండు నెలల ముందు, నవంబర్‌లో బ్యాంకు సిబ్బందికి రెండు వందలకు పైగా ఫిషింగ్ (నమ్మించి నొక్కించే దొంగ) మెయిళ్లు వచ్చాయనీ, ఇద్దరు వాటిని తెరిచారనీ పోలీసులు తేల్చారు. రెండు వందల్లో రెండు. మిగతావాళ్లంతా జాగ్రత్తగానే ఉన్నారు పాపం. లోపలికి వచ్చినవాళ్లు అక్కడి నుంచి తీరిగ్గా పాకుతూ వెళ్లారు. ఆ తర్వాత రిజర్వు బ్యాంకు కూడా 2023లో ఆ బ్యాంకుకి 65 లక్షల జరిమానా వేసింది.

కాబట్టి 'మా స్టాఫ్ తెలివైనవాళ్లు, నొక్కరు' అనే ధైర్యం వద్దు. ఎవరో ఒకరు నొక్కుతారు. పని ఒత్తిడిలో నేనూ నొక్కుతాను. నొక్కినా ఆ ఒక్క కంప్యూటర్ దగ్గరే ఆగేట్టు ఉండాలి. అడ్మిన్ లాగిన్ ఇవ్వొద్దన్నదీ, లైన్లు వేరు చేయమన్నదీ ఇందుకే.

వాట్సాప్ సంగతి వేరే. పెళ్లిపత్రిక, ఆర్టీఓ చలానా, బ్యాంకు కేవైసీ పేర్లతో ఏపీకే ఫైళ్లు (ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్‌లు ఎక్కించే ఫైళ్లు) వస్తున్నాయి. మనవాళ్లకి పెళ్లిపత్రిక వస్తే తెరవకుండా ఉండటం కష్టం, అది వాళ్లకి బాగా తెలుసు. ఒకటే గుర్తు పెట్టుకోమనండి: పత్రిక ఫోటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది, యాప్‌లా ఇన్‌స్టాల్ అవ్వదు. ఆ యాప్ మెసేజ్‌లు చదివే అనుమతి తీసుకుంటే ఓటీపీలన్నీ వాడికే. కంపెనీ బ్యాంకు ఓటీపీ వచ్చే సిమ్ ఒక పాత బటన్ ఫోన్‌లో వేసి డ్రాయర్‌లో పెట్టుకున్న ఆసామి ఒకాయన ఉన్నాడు మా క్లయింట్లలో. అందరూ నవ్వుతారు. నేను నవ్వను.

పార్టీ దగ్గర్నుంచి 'మా బ్యాంకు అకౌంటు మారింది' అని మెయిల్ వచ్చింది. పంపించొచ్చా?

పంపకండి. ముందు ఫోన్ చేయండి. ఆ మెయిల్‌లో ఉన్న నంబరుకి కాదు, మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకి.

ఎగుమతులు చేసేవాళ్లకి ఇది మరీ ఎక్కువ. ఇది చేసేవాడు వైరస్ పంపడు, గొడవ చేయడు. ఎవరిదో ఒకరి మెయిల్ పాస్‌వర్డ్ పట్టుకుని నెలల తరబడి మౌనంగా చదువుతుంటాడు. ఇన్వాయిస్ వెళ్లే రోజు, మీ మాటల ధోరణిలోనే, మీ సంతకంతోనే ఒక మెయిల్ పెడతాడు. అడ్రసు కూడా అచ్చం అలాగే ఉంటుంది. ఇంగ్లీషు 'ఎమ్' అక్షరం బదులు 'ఆర్', 'ఎన్' పక్కపక్కన పెడితే కంటికి తేడా తెలియదు, ఒకసారి మీరే టైపు చేసి చూడండి. ఇంకా దొంగతనంగా, మీ మెయిల్ సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్ రూల్ పెట్టుకుంటారు. పాస్‌వర్డ్ మార్చినా మెయిళ్లు వాడికి వెళ్తూనే ఉంటాయి. ఈ రోజే తెరిచి చూడండి.

గొంతు విన్నాం, మొహం చూశాం అన్నా ఇప్పుడు నమ్మకం లేదు. 2024లో బయటపడిన కేసులో, అరప్ అనే పెద్ద ఇంజినీరింగ్ కంపెనీ హాంకాంగ్ ఆఫీసు ఉద్యోగి ఒకరు వీడియో కాల్‌లో పై అధికారులనుకుని మాట్లాడి, 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు పంపేశారు. ఆ కాల్‌లో ఉన్నవాళ్లు ఏఐతో తయారైన బొమ్మలు. పెద్ద మొత్తం ఏదైనా ఇద్దరు చూసి పంపాలి, అంతే.

పాస్‌వర్డ్‌లు నెలనెలా మార్చాలా?

అక్కర్లేదు. నెలనెలా మార్చమంటే చివరి అంకె ఒకటి పెంచి, మానిటర్‌కి చీటీ అంటిస్తారు. పొడుగ్గా ఉండాలి, ఒకటి ఒక్కచోటే వాడాలి, బయటపడిందని అనుమానం వస్తే మార్చాలి. పెసరట్టు, ఉప్మా, అల్లం చట్నీ, బందరు అని సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి కొట్టండి. ఇది మాత్రం పెట్టకండి, ఇక్కడ రాసేశాను కదా. మెయిల్‌కీ, బ్యాంకుకీ, జీఎస్‌టీ లాగిన్‌కీ ఎక్కడ రెండో తాళం పెట్టుకునే వీలుంటే అక్కడ పెట్టండి. ఎస్ఎంఎస్ కన్నా ఫోన్‌లోనే కోడ్ తయారుచేసే అథెంటికేటర్ యాప్ నయం.

విండోస్ 10 బాగానే నడుస్తోంది. మార్చాలంటారా?

విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. డబ్బు కట్టి అదనపు అప్‌డేట్లు తీసుకునే పథకం ఉంది, అది కొంతకాలం నెట్టుకురావడానికే. అప్‌డేట్ లేకపోతే ఏమవుతుందో 2017 మే 12న ప్రపంచమంతా చూసింది. వానాక్రై అనే రాన్సమ్‌వేర్ వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ అప్పటికి రెండు నెలల ముందే, మార్చిలోనే ప్యాచ్ (సరిచేసే అప్‌డేట్) ఇచ్చింది. వేసుకోనివాళ్లు దొరికిపోయారు. బ్రిటన్ ఆసుపత్రుల్లో ఆపరేషన్లు వాయిదా పడ్డాయి, మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో కొన్ని కంప్యూటర్లకీ తగిలింది.

చిక్కెక్కడంటే, కాటాకో ల్యాబ్ మెషీన్‌కో తగిలించిన పాత విండోస్ 7 కంప్యూటర్ల దగ్గర. ఆ మెషీన్ సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్‌లో నడవదు, మెషీన్ మార్చాలంటే లక్షలు. దాన్ని మార్చమని నేనూ చెప్పను. ఇంటర్నెట్ వైరు మాత్రం పీకేయండి, మిగతా నెట్‌వర్క్ నుంచి వేరు చేయండి.

అప్‌డేట్ల వల్లే సమస్యలు వస్తాయట కదా?

వచ్చిన సందర్భాలు ఉన్నాయి. 2017 జూన్‌లో ఉక్రెయిన్‌లో ఎమ్.ఈ.డాక్ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో దూరి నాట్‌పెట్యా అనే వైరస్ వచ్చింది, మెర్స్క్ ఓడల కంపెనీ ద్వారా మన ముంబై జేఎన్‌పీటీ ఓడరేవు టెర్మినల్ దాకా పాకింది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ పంపిన తప్పు అప్‌డేట్‌తో 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెరతో ఆగిపోయాయి. అయినా వేసుకోమనే చెబుతాను. వేసుకుని దెబ్బతిన్న క్లయింటుని నేను ఒకరినే చూశాను, వేసుకోక దెబ్బతిన్నవాళ్లని లెక్కపెట్టడం మానేశాను.

క్రాక్ సాఫ్ట్‌వేర్ అందరూ వాడుతున్నారు కదండీ?

వాడుతున్నారు. డీటీపీ షాపుల్లో అడిగితే ఇబ్బందిగా నవ్వుతారు. క్రాక్ వేసేటప్పుడు అది మొదట అడిగేది ఏమిటి? యాంటీవైరస్ ఆపమని. అక్కడే అర్థం కావాలి. ఆ ప్రెస్సుల్లోనే ఇంకో బెడద పెన్‌డ్రైవ్‌లు. పొద్దుట్నుంచి ఇరవై మంది కస్టమర్లు ఇరవై పెన్‌డ్రైవ్‌లు తెస్తారు. నెట్‌వర్క్‌తో సంబంధం లేని ఒక పాత కంప్యూటర్‌ని వాటికోసమే పెట్టి, అందులో స్కాన్ చేశాకే లోపలికి తీసుకోండి.

ఉద్యోగి మానేశాడు. ఏం చేయాలి?

అదే రోజు అతని లాగిన్లు, మెయిల్, వీపీఎన్ ఆపేయండి. ఆఫీసు వాట్సాప్ అతని ల్యాప్‌టాప్‌లో వెబ్‌లో తెరిచి ఉందేమో, ఫోన్‌లో 'లింక్డ్ డివైజెస్' చూడండి. వైఫై పాస్‌వర్డ్ మార్చండి. మంచివాడే అయినా సరే.

నెట్‌వర్క్ చూసే మీలాంటివాళ్లని నమ్మొచ్చా?

మంచి ప్రశ్న, చాలా తక్కువమంది అడుగుతారు. పూర్తిగా నమ్మకండి. నా దగ్గర ఉన్న పాస్‌వర్డ్‌లన్నీ ఒక కవరులో రాసి సీలు వేసి మీ లాకర్లో పెట్టించుకోండి. రేపు నాకేదైనా అయితే మీ ఆఫీసు ఆగకూడదు. రౌటర్‌లో బయటికి ఏమేం తెరిచి ఉందో ఏడాదికోసారి వేరేవాళ్లతో చూపించుకోండి. ఏఎమ్‌సీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) తీసుకున్నవాడు అన్ని ఆఫీసులకీ ఒకటే పాస్‌వర్డ్ పెడతాడు, మా వృత్తిలో ఉన్న పెద్ద జబ్బు ఇది. ఒకచోట పోతే అందరిదీ పోతుంది.

దాడి జరిగిందని అనుమానం వచ్చింది. మొదట ఏం చేయాలి?

నెట్‌వర్క్ వైరు పీకండి, వైఫై ఆపండి. ఒక్క కంప్యూటర్‌దే కాదు, వీలైతే స్విచ్ దగ్గరే అన్నీ. బ్యాకప్ డిస్కుని ఆ కంప్యూటర్లకి తగిలించకండి. కంగారులో చాలామంది చేసే పని అదే, ఉన్న ఒక్క మంచి కాపీ కూడా పోతుంది. ఫార్మాట్ చేయకండి. స్క్రీన్ మీద బెదిరింపు నోటు ఫోటో తీయండి, లాక్ అయిన ఫైలు ఒకటి దాచండి.

డబ్బు బ్యాంకు నుంచి పోయి ఉంటే నిమిషాలు ముఖ్యం. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి, బ్యాంకుకీ చెప్పండి. డబ్బు ఇంకో అకౌంటులో ఉండగానే ఆపగలిగితే తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది. చేతులు మారేకొద్దీ అది తగ్గిపోతుంది.

వాడికి డబ్బు కట్టాలా అంటే, నేను వద్దనే అంటాను. కట్టినవాళ్లందరికీ తాళంచెవి వస్తుందన్న హామీ లేదు. ముందు నో మోర్ రాన్సమ్ అనే సైట్‌లో చూడండి. యూరోపోల్, డచ్ పోలీసులు, కొన్ని యాంటీవైరస్ కంపెనీలు కలిసి 2016లో మొదలుపెట్టారు. కొన్ని పాతరకాల వాటికి తాళంచెవులు ఉచితంగా దొరుకుతాయి. మన మిర్చి కొట్టుకి దొరకలేదు.

చట్టప్రకారం ఎవరికైనా చెప్పాలా?

2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు ఇలాంటి సంఘటనలు తెలిసిన 6 గంటల్లోపు వాళ్లకి తెలియజేయాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. కస్టమర్ల వివరాలు పెట్టుకునేవాళ్లకి 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా ఉంది. దాని నిబంధనలు 2025 నవంబర్‌లో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు పద్దెనిమిది నెలల తర్వాత అమల్లోకి వస్తాయి. తగిన భద్రత పెట్టుకోకపోతే జరిమానా 250 కోట్ల దాకా వేయొచ్చని చట్టంలో ఉంది. డయాగ్నస్టిక్ సెంటర్లూ, ఆడిటర్లూ దీన్ని ఒకసారి వాళ్ల వకీలుతో కూర్చుని చదువుకోవాలి. రిపోర్టులు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న సెంటర్లు నాకు తెలుసు.

మా నాన్నగారు ఇంకా చేత్తో పద్దు రాస్తారు. కంప్యూటర్ ఉందిగా, మానేయమని చెప్పాలా?

వద్దు, రాయనివ్వండి.

2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద దాడి జరిగినప్పుడు ఓపీ చీటీల దగ్గర్నుంచి రక్తపరీక్షల దాకా రోజుల తరబడి కాగితం మీదే నడిపారు. అంత పెద్ద ఆసుపత్రి ఆగిపోకుండా నిలబడిందంటే కాగితం మీద పని చేయడం తెలిసినవాళ్లు ఉండబట్టే.

ఆ మిర్చి కొట్టు సంగతి చెప్పడం సగంలో ఆపాను కదా. ఓనర్ వాళ్ల బాబాయి, డెబ్బై దాటిన మనిషి, కంప్యూటర్ వచ్చినా తన చిట్టా వదల్లేదు. రోజూ సాయంత్రం ఎర్ర అట్ట పుస్తకంలో ఏ రైతువి ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు), ఏ రేటు, ఎంత చెల్లు, ఎంత బాకీ అని నీలం సిరాతో రాసుకునేవాడు. అందరూ ఎగతాళి చేసేవాళ్లు. ఆ సోమవారం మధ్యాహ్నం ఆయన పుస్తకం తెచ్చి సర్వర్ పక్కన బల్ల మీద పెట్టి, కళ్లజోడు తుడుచుకుంటూ 'ఎక్కడినుంచి చదవను?' అన్నాడు. ఆయన చదువుతుంటే గుమస్తా, నేనూ చెరో కంప్యూటర్ దగ్గర కూర్చుని కొట్టాం. ఆ సీజన్ లెక్కలు తిరిగి ఎక్కించడానికి పదకొండు రోజులు పట్టింది. జీరాక్స్ తీయిస్తానంటే ఆయన ఒప్పుకోలేదు, పుస్తకం ఇల్లు దాటి పోకూడదట. రోజూ పొద్దున తనే చంకలో పెట్టుకుని తెచ్చాడు, రాత్రి తనే తీసుకెళ్లాడు.